పట్టాల్సింది కాలిని, గర్దన్‌ని కాదు



ఈసారి కబడ్డీ మీద రాస్తున్నా. "సియాసత్ మీద రాసేవాడివి, ఆటలతో నీకేం పని భాయ్" అని కొందరంటారని తెలుసు. పని ఉంది. సంక్రాంతి వచ్చిందంటే మన పొన్నూరు, నిడుబ్రోలు చుట్టుపక్కల ఊళ్లలో గీతలు గీసి ఫ్లెక్సీలు కట్టేస్తారు. ఆ గీతల మధ్యలోకి దిగేది మన పిల్లలే. పగలంతా మెకానిక్ షెడ్డులోనో, వెల్డింగ్ షాపులోనో, అబ్బా పెట్టుకున్న పళ్ల బండి దగ్గరో పనిచేసి సాయంత్రం షౌక్‌తో చొక్కా విప్పి కూతకెళ్లేవాళ్లు. వాళ్ల మెడ విరిగితే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకని రాస్తున్నా.

మా చిన్నప్పుడు ఇది చెడుగుడు. మాకు తెలిసిన మాటలు రెండే, కూతా పట్టూ. 2014లో ప్రో కబడ్డీ లీగ్ టీవీలోకి వచ్చాక పట్టుకి పది పేర్లు వచ్చాయి. యాంకిల్ హోల్డ్, థై హోల్డ్, బ్యాక్ హోల్డ్, బ్లాక్, డ్యాష్, చైన్. తెలుగు టైటాన్స్ అని మనకూ ఒక జట్టొచ్చింది. ఆదరణ పెరిగింది, ఆటగాళ్లకు నాలుగు డబ్బులొచ్చాయి. దీనికి నేను ఖుషీనే. మట్టిలో ఆడే ఆటకి లైట్ల కింద ఇజ్జత్ దొరికితే ఎవరికి బాధ?

నా ఫిర్యాదు వేరు. టీవీలో ఆ పట్టు పడేది మెత్తటి మ్యాట్ మీద. పక్కన ఫిజియో ఉంటాడు, బయట అంబులెన్సు ఉంటుంది. మన కుర్రాడు అదే పట్టుని స్లో మోషన్‌లో పదిసార్లు చూసి, వరి కోసేసిన నల్లరేగడి చేలో, ఇటుక రాయిలా గట్టిపడిన పెళ్లల మీద వేస్తున్నాడు. పట్టు టీవీ నుంచి వచ్చింది. మ్యాటూ డాక్టరూ రాలేదు.

2021 జనవరిలో, పండగ రోజుల్లోనే, కడప జిల్లా వల్లూరు మండలంలో పోటీల్లో కూతకెళ్లిన ఓ నౌజవాన్‌ని అవతలి జట్టు పట్టేసింది. లేచాడు, పడిపోయాడు, మళ్లీ లేవలేదు. 2022 జులైలో తమిళనాడులో కడలూరు జిల్లా పణ్రుట్టి దగ్గర ఇంకో కుర్రాడు, వయసు 22, పట్టు నుంచి తప్పించుకోబోయి కిందపడ్డాడు. జాన్ పోయింది. రెండు వీడియోలూ మన ఫోన్లలో తిరిగాయి. చూశాం, "ఇన్నా లిల్లాహి" అన్నాం, ఇంకో గ్రూపుకి పంపించి ఊరుకున్నాం.

పేపర్ డెస్కులో పనిచేసిన మనిషిని నేను. ఇలాంటి ఖబర్ వస్తే సింగిల్ కాలమ్. హెడ్డింగ్ ముందే తయారుగా ఉంటుంది, "కబడ్డీ ఆడుతూ యువకుడి మృతి" అని. ఆ హెడ్డింగ్ చదివితే కబడ్డీ అనేదేదో ఓ జబ్బు, దానంతటది వచ్చి మనిషిని తీసుకుపోయింది అనిపిస్తుంది. పోటీ పెట్టిందెవరు, రెఫరీ ఎవరు, నేల ఎలా ఉంది, ఆస్పత్రికి ఎంతసేపట్లో తీసుకెళ్లారు అన్న సవాళ్లకి ఆ కాలమ్‌లో జాగా ఉండదు. గుండె ఆగిందా, దెబ్బ తగిలిందా అన్నది పోస్టుమార్టం తేలుస్తుంది. అక్కడ ఒక డాక్టర్ ఉన్నాడా లేడా అన్నది తేల్చడానికి పోస్టుమార్టం అక్కర్లేదు.

మరి కబడ్డీకి ఖానూన్ లేదా? ఉంది. కూతకొచ్చినవాణ్ని కాళ్లూ చేతులూ మొండెం పట్టుకునే ఆపాలి. నోరు మూసి కూత ఆపకూడదు. గొంతు పిసక్కూడదు. రెండు కాళ్లతో కత్తెర వెయ్యకూడదు. దెబ్బ తగిలేలా మోటుగా పట్టకూడదు. అలా చేస్తే పట్టు చెల్లదు, కూతకెళ్లినవాడు ఔటవ్వడు. పచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డు రెండు నిమిషాలు బయట, ఎర్ర కార్డు ఆట నుంచే బయట. ఇవన్నీ రూల్ బుక్కులో ఉన్నవే.

చదివితే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. గల్తీ ఎక్కడుందో చెప్తా వినండి. నోరు మూస్తే కనిపిస్తుంది, కత్తెర వేస్తే కనిపిస్తుంది. కానీ "మోటుగా" అంటే ఏంటి? ఒకడు ఎడమ తొడ పట్టాడు, అది రూల్ ప్రకారమే. ఇంకొకడు నడుం పట్టి పైకి లేపాడు, మొండెమే కదా, అదీ రూల్ ప్రకారమే. మూడోవాడు పక్కనుంచి పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్దాడు, దాని పేరు డ్యాష్, దానికి చప్పట్లు. ముగ్గురిలో ఎవడూ విడిగా తప్పు చెయ్యలేదు. ముగ్గురూ కలిసి ఒక మనిషిని గాల్లో తిప్పి మెడ మీద పడేశారు. ఆ పడటానికి మన దగ్గర ఓ పేరు కూడా లేదు. పేరు లేని దానికి సజా ఎవడు వేస్తాడు?

పైగా ఇనామ్ ఉంది. ముగ్గురూ, అంతకంటే తక్కువమందీ మిగిలినప్పుడు పట్టేస్తే దాన్ని సూపర్ టాకిల్ అంటారు, ఒకటికి బదులు రెండు పాయింట్లు. ఓడిపోతున్న జట్టుకి ఊపిరి పోసే రూల్ అది, బాగుంది. అయితే ఏ ముగ్గురు కలిసి పట్టడంలో ఎక్కువ ఖతరా ఉందో అక్కడే ఎక్కువ ఇనామ్ పెట్టాం. ఇనామ్ పెట్టిన చోటే గట్టి పహరా కూడా పెట్టాలి కదా? టీవీవాళ్లు ఆ పట్టుకి డప్పులూ మంటలూ జోడించి మళ్లీ మళ్లీ చూపిస్తారు. కిందపడ్డవాడు ఎలా లేచాడో ఒక్కసారి కూడా చూపించరు.

ఈ సమస్య మనకొక్కరికే రాలేదు. ఆస్ట్రేలియాలో, ఇంగ్లండులో రగ్బీ లీగ్ అని ఓ ఆట ఉంది. జట్టుకి 13 మంది. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని పట్టి నేల మీద పడెయ్యాలి. ఒకరకంగా కబడ్డీకి తెల్లతోలు కజిన్. అక్కడ 2014 మార్చిలో న్యూకాసిల్ జట్టు ఆటగాడు అలెక్స్ మెకినన్‌ని మెల్‌బోర్న్ జట్టువాళ్లు ముగ్గురు కలిసి పట్టారు. పైకి లేచాడు, తలకిందులుగా పడ్డాడు, మెడ విరిగింది. అప్పుడతని వయసు 22. అప్పట్నుంచీ చక్రాల కుర్చీ. పట్టినవాళ్లలో ఒకరికి ఏడు మ్యాచ్‌ల నిషేధం వేశారు. దేశమంతా రెండుగా చీలి కొట్లాడుకుంది. "తల అతనే వంచాడు కదా" అని కొందరు, "పైకి లేపినవాడిదే జిమ్మేదారీ" అని కొందరు.

చివరికి అక్కడ నిలబడింది రెండో దలీలే. మనిషిని నేల మీంచి లేపితే క్షేమంగా దింపే బాధ్యత లేపినవాడిదే. నడుం కంటే తల కిందికి పోతే తప్పు ఎవరిదనే బహస్ అక్కర్లేదు. వాళ్లు పట్లకి పేర్లు పెట్టారు. ఎత్తి పడేసే పట్టుకో పేరు, వెనక నుంచి నడుం వేలాడదీసి చీలమండ మీద పడే పట్టుకో పేరు, మెడని ఛాతీలోకి నొక్కే పట్టుకో పేరు. పేరు పెడితే వీడియో చూసి పట్టుకోవచ్చు, మ్యాచ్ అయిపోయాక కూడా విచారణ చెయ్యొచ్చు.

మన ఇళ్లల్లో పిల్లలకు తెలిసిన పేరొకటి ఉంది ఇందులో. సనీ బిల్ విలియమ్స్. ఇస్లాం స్వీకరించిన న్యూజిలాండ్ ఆటగాడు. 2004లో సిడ్నీ బుల్‌డాగ్స్ జట్టు టైటిల్ గెలిచినప్పుడు లెబనాన్‌లో పుట్టిన మన హాజిమ్ అల్ మస్రీతో కలిసి ఆడాడు. కుర్రతనంలో అతని పేరు మోగిందే భుజంతో గుద్దే షోల్డర్ చార్జ్‌తో. జనం దాని కోసమే టికెట్టు కొనేవాళ్లు. ఆస్ట్రేలియా లీగ్ 2013 నుంచి ఆ పట్టునే నిషేధించింది. "ఆటలో మజా పోయింది" అని గగ్గోలు పుట్టింది. తర్వాత 2017లో అతను రెండో రకం రగ్బీలో న్యూజిలాండ్ తరఫున వెల్లింగ్టన్‌లో ఆడుతూ, అవతలివాడి తలకి భుజం తగిలించినందుకు 25వ నిమిషంలోనే ఎర్ర కార్డు తిని బయటికెళ్లాడు. ఆ జట్టు ఆటగాణ్ని అలా పంపడం 50 ఏళ్లలో అదే మొదటిసారి. నాలుగు వారాల నిషేధం. అతనంటే నాకు అభిమానం. ఆ ఎర్ర కార్డంటే ఇంకా ఎక్కువ అభిమానం. ఎంత పేరున్నవాడైనా, ఎంత ముఖ్యమైన మ్యాచ్ అయినా, తల తల్లే. అలా పంపగలిగిన రెఫరీ ఉన్నచోటే పిల్లాణ్ని ధైర్యంగా ఆటకి పంపొచ్చు.

అక్కడా అంతా సజావుగా ఉందని చెప్పను. నిషేధం పెట్టాక కూడా 2015లో క్వీన్స్‌లాండ్‌లో అలాంటి గుద్దే తగిలి 25 ఏళ్ల ఆటగాడు చనిపోయాడు. 2021 మే నెలలో తలకి దెబ్బల మీద ఒక్కసారిగా కఠినంగా ఉండేసరికి, ఒకే వారాంతంలో ముగ్గుర్ని పూర్తిగా, 14 మందిని పది నిమిషాల చొప్పున బయటికి పంపాల్సి వచ్చింది. "ఆట ఖతం" అని పాత ఆటగాళ్లు టీవీల్లో మొత్తుకున్నారు. ఆట ఖతం కాలేదు, ఇప్పటికీ స్టేడియాలు నిండుతున్నాయి. ఫుట్‌బాల్ సంగతీ అంతే. 1998 ప్రపంచకప్ నుంచి వెనక నుంచి కాళ్ల మీదకి ప్రమాదకరంగా దూకితే ఎర్ర కార్డే అన్నారు. ఫుట్‌బాల్ రౌనక్ తగ్గిందా?

ఇక మన దగ్గర వినిపించే వాదనలకి వస్తా.

"ఆటన్నాక దెబ్బలు తగలవా?" తగులుతాయి. మోకాలు చీరుకుపోతుంది, వేలు మడత పడుతుంది. దానికి పసుపు రాసుకుంటాం, కట్టు కట్టించుకుంటాం. మెడ దెబ్బ వేరు. వెన్నుపాము తెగితే అతికించే హకీమూ లేడు, సర్జనూ లేడు. రెండిట్నీ "దెబ్బలు" అనే ఒక్క మాటలో కలిపేసేవాడు మోసమన్నా చేస్తున్నాడు, బేపర్వాగా అన్నా ఉన్నాడు.

"మర్దానగీ ఉండాలి భాయ్." కింద పడ్డవాడి మీద నలుగురు దూకడంలో మర్దానగీ ఏముంది? అఖాడాలో పాత ఉస్తాదులు మొదట నేర్పింది పట్టడం కాదు, పడటం. రెండోది వదలడం. అవతలివాడు నేల తట్టాక పట్టు వదలనివాణ్ని అఖాడాలోంచి గెంటేసేవాళ్లు. మనిషితో తలపడినప్పుడు కూడా మొహం జోలికి పోవద్దని మన దీన్ చెప్పిన మాట జుమా ఖుత్బాల్లో వినే పెరిగాం. మైదాన్‌లోకి దిగంగానే అది మర్చిపోవాలా?

"తఖ్దీర్‌లో రాసుంటే ఎవరాపుతారు?" ఈ మాట జనాజా దగ్గర సబర్ కోసం చెప్పుకోవాల్సింది. పోటీ పెట్టే కమిటీ ముందుగానే జేబులో పెట్టుకు తిరగాల్సింది కాదు. ఒంటెని కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టమన్న సంగతి మదర్సాకెళ్లే పిల్లలకీ తెలుసు. మన కమిటీలు ఒంటెని వదిలేసి, అది పారిపోయాక తఖ్దీర్ అంటున్నాయి.

"ఇవన్నీ పెద్ద పెద్ద ఫెడరేషన్లు చూసుకోవాలి." వాళ్ల హాల్ కూడా చూద్దాం. అఖిల భారత కబడ్డీ సమాఖ్యని 2018లో ఢిల్లీ హైకోర్టు ఓ అడ్మినిస్ట్రేటర్ చేతిలో పెట్టింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాక గానీ అది ఎన్నికైనవాళ్ల చేతికి రాలేదు. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ గుర్తుందా? ఇండియా, ఇరాన్ 28-28 మీద ఉన్నప్పుడు పవన్ సెహ్రావత్ కూత మీద పేచీ వచ్చింది. లాబీలోకి వెళ్లినవాళ్లు ఔటా కాదా, పాత రూలా కొత్త రూలా తేలక గంట సేపు ఆట ఆగిపోయింది. రెండు జట్లూ నేల మీద కూర్చున్నాయి. ఆఖరికి 33-29తో మనం గెలిచాం. నాలుగు పాయింట్ల కోసం ఆసియా మొత్తాన్ని గంట కూర్చోబెట్టారు. ఒక మనిషి మెడ మీద పడ్డప్పుడు ఆ గంటలో పదో వంతైనా ఆగి, ఆ పట్టు సరైనదా కాదా అని చూడమనే నేను అడుగుతోంది.

పవన్ మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2022లో 2.26 కోట్లు పెట్టి తమిళ్ తలైవాస్ అతన్ని కొంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, సీజనంతా బయటే. అయినా మరుసటి ఏడాది మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లిచ్చి తీసుకుంది. మంచిదే, అతని హునర్ అలాంటిది. అంత విలువైన మోకాలికి మంచి సర్జన్, మంచి ఫిజియో, కోలుకోవడానికి నెలల టైమ్ దొరికాయి. పొన్నూరులో అదే మోకాలు పోతే 108 కోసం ఎదురుచూపు, గుంటూరు పెద్దాసుపత్రికి 30 కిలోమీటర్ల దారి, వార్డులో మంచం కోసం సిఫార్సు. మూడు నెలలు కుర్రాడు పనికెళ్లడు. చెల్లి పెళ్లికని దాచిన డబ్బు మందులకి పోతుంది. కమిటీవాళ్లు ఓ రోజు పళ్లు తీసుకుని వస్తారు, ఫొటో దిగుతారు.

ప్రభుత్వం కూడా ఈ జిమ్మేదారీ తప్పించుకోలేదు. 2023 డిసెంబరు 26న మన గుంటూరు నల్లపాడులోనే "ఆడుదాం ఆంధ్రా" మొదలుపెట్టారు. క్రికెట్, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్‌తో పాటు కబడ్డీ. 15 ఏళ్లు దాటినవాళ్లందరూ రావచ్చన్నారు, సచివాలయం స్థాయి నుంచి పోటీలు పెట్టారు. ఆలోచన మంచిదే, ఆ పేరు పోయినా ఇంకో పేరుతో ఇంకో ప్రభుత్వం పెడుతుంది. పెట్టాలి కూడా. కానీ బ్యాడ్మింటన్ ఆడించడానికి రాకెట్టు చాలు. కబడ్డీ ఆడించడానికి నేల కావాలి, పట్టు తెలిసిన రెఫరీ కావాలి, బరువు చూసే కాటా కావాలి. పెద్దల పోటీల్లో మగాళ్లకి 85 కిలోల హద్దు ఉంది. ఊళ్లో 50 కిలోల ఇంటర్ పిల్లాడి మీదకి 90 కిలోల బాబాయి దూకుతాడు, అందరూ ఈలలేస్తారు.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఇరాన్ అమ్మాయిలు తలకి గుడ్డ కట్టుకునే ఆడి, ఫైనల్లో ఇండియాని 27-24తో ఓడించి బంగారం పట్టుకుపోయారు. వాళ్ల కోచ్ శైలజా జైన్ మన నాసిక్ ఆమే. హిజాబ్‌తో ఈ ఆట కుదరదు అన్నవాళ్లకి అదే జవాబ్. కాళ్లూ చేతులూ మొండెం తప్ప ఇంకేదీ పట్టకూడదు అనే రూల్ గట్టిగా అమలైతే ఆ అమ్మాయి మెడా భద్రం, మెడ చుట్టూ ఉన్న గుడ్డా భద్రం. మన ఇళ్లల్లో అమ్మీలు బిడ్డల్ని ఆటకి పంపకపోవడానికి నామోషీ ఒక్కటే కారణం కాదు. భయం కూడా. ఆ భయం తీర్చకుండా "మీ ఖౌమ్ వెనకబడింది" అని లెక్చర్లిస్తే ఏం లాభం?

సరే, ఏం చెయ్యాలి?

లీగ్ నడిపేవాళ్లు మూడు పనులు చెయ్యాలి. మనిషిని లేపి తలో మెడో ముందు నేలకి తగిలేలా పడేసే పట్టుకి ఓ పేరు పెట్టి, ఆ పట్టుకి పాయింటు ఇవ్వకూడదు, కార్డివ్వాలి. పట్టిన ముగ్గురిలో ఎవరు లేపారో వీడియోలో చూసి, మ్యాచ్ తర్వాతైనా నిషేధం వేసి, ఆ ఫైసలా జనానికి చెప్పాలి. తలకి దెబ్బ తగిలినవాణ్ని డాక్టర్ చూసి ఒప్పుకునేదాకా మళ్లీ మ్యాట్ ఎక్కించకూడదు. ఇందులో ఏదీ కబడ్డీని మెత్తబరచదు. యాంకిల్ హోల్డ్ అలాగే ఉంటుంది, చైన్ అలాగే ఉంటుంది.

మన కమిటీలు చెయ్యాల్సింది ఇంకా సులువు. ఆటకి రెండ్రోజుల ముందు నేల దున్ని, రాళ్లూ పెళ్లలూ ఏరి, ఇసుక కలిపి, నీళ్లు చల్లాలి. సిమెంటు గచ్చు మీద, తారు రోడ్డు మీద ఆడించకూడదు. జట్లు దిగేముందు రెఫరీ మైకులో చెప్పాలి, మెడ, జుట్టు, నోరు ముట్టుకుంటే మొదటిసారే బయటికి అని. విజిల్ మోగాక ఇంకా మీద పడేవాడికీ అదే సజా. బరువు చూసి జట్లు కట్టాలి. మెడ పట్టుకుని కదల్లేకపోతున్న పిల్లాణ్ని చేతులూ కాళ్లూ పట్టి ఎత్తకూడదు. తల కదలకుండా అక్కడే ఉంచి 108కి ఫోన్ చెయ్యాలి. ఎత్తడంలోనే సగం నష్టం జరుగుతుంది. ఫ్లెక్సీలకీ డీజేకీ పెట్టే డబ్బులో కొంత ఆటగాళ్ల బీమాకి పెట్టాలి. లీడర్ గారి మొహం ఫ్లెక్సీ మీద నాలుగడుగులు తగ్గితే ఎవరూ ఏడవరు.

వాలిదైన్‌కి ఒక్క మాట. పిల్లల్ని ఆపమని చెప్పను. ఆడనివ్వండి, ఫోన్ పట్టుకుని మూల కూర్చోవడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. అయితే జట్టులో పేరు రాయించేముందు మైదాన్ దాకా నడిచి వెళ్లండి. చెప్పు విప్పి నేల మీద ఓసారి పాదం పెట్టి చూడండి. "రెఫరీ ఎవరు, డాక్టర్ ఎక్కడ, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది" అని కమిటీవాళ్లని నలుగురిలో అడగండి. జవాబ్ రాకపోతే పేరు వెనక్కి తీసుకోండి. ఒక్క ఇల్లు అడిగితే చాదస్తం అంటారు. మొహల్లా మొత్తం అడిగితే వచ్చే సంక్రాంతికి ముందే ఇసుక ట్రాక్టరు వస్తుంది.

ఖుదా హాఫిజ్.